సభాభాషణలో విరామం: లక్షణం, స్థానం, ప్రయోగం

ఉపన్యాసమంటే కేవలం శబ్దప్రవాహం కాదు. శబ్దాల నడుమ ఒక క్రమంలో అమరిన నిశ్శబ్దం కూడా అందులో అంగమే. ఆ నిశ్శబ్దానికి విరామమని పేరు. అయితే మాటల్లో ఏర్పడే ప్రతి నిశ్శబ్దమూ విరామం కాదు. ‘అక్క’, ‘అత్త’, ‘అప్పు’ వంటి ద్విత్వాక్షరాలున్న మాటలు పలికేటప్పుడు నాలుకో, పెదవులో గాలిని పూర్తిగా అడ్డగించటం వల్ల సెకనులో పదోవంతుకు మించిన నిశ్శబ్దం మాట మధ్యలోనే ఏర్పడుతుంది. చెవి దానిని ఆగటంగా లెక్కించదు, హల్లుగానే వింటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో వాగ్విరామాలను దీర్ఘకాలం పరిశోధించి 1968లో తన ఫలితాలను గ్రంథరూపంలో వెలువరించిన ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్ ఈ ఇబ్బందిని గుర్తించే సెకనులో నాలుగోవంతును హద్దుగా పెట్టుకున్నారు. కాబట్టి ఉచ్చారణ వ్యాపారం నిలిచి, వక్త ఆగినట్లు శ్రోతకు తెలిసేటంత కాలం కొనసాగే నిశ్శబ్దమే విరామమని నిర్వచించుకుందాం. ఎంతసేపు ఆగాలనేదాని కంటే ఎక్కడ ఆగాలనేది ముఖ్యమని, ఆ స్థానాన్ని నిర్ణయించేవి భాషా నిర్మాణమూ, శ్రోత స్మృతీ, సభాస్థల ధ్వనిలక్షణమూ అని నిరూపించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణ మనకు కొత్త కాదు. వర్ణాలు అత్యంత సన్నిహితంగా కలిసి ఉండటాన్ని పాణిని సంహిత అన్నాడు. వర్ణోచ్చారణ నిలిచిపోవటాన్ని అవసానం అన్నాడు. అష్టాధ్యాయిలో ఈ రెండు నిర్వచనాలూ పక్కపక్కనే ఉన్నాయి. తెలుగునాట వేదపండితులలో అధికసంఖ్యాకులు అధ్యయనం చేసే కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయ ప్రాతిశాఖ్యం ఇంకా ముందుకు పోయి విరామాలకు కొలతలు కట్టింది. ఋక్కు చివర మూడు మాత్రలు, పదం చివర రెండు, రెండు పదాల నడుమ అచ్చు పక్కన అచ్చు వచ్చినచోట ఒకటి, ఒకే పదంలో అలా వస్తే అర్ధమాత్ర. మాత్ర అంటే హ్రస్వాచ్చు పలకటానికి పట్టే కాలం. విరామానికి కూడా వర్ణానికిచ్చినట్లే కాలప్రమాణం ఇవ్వటం గమనించదగినది. పాణినీయ శిక్ష పాఠకుని గుణాలను లెక్కపెట్టినప్పుడు మాధుర్యంతో పాటు పదచ్ఛేదాన్ని, అంటే పదాలను విడివిడిగా తెలిసేటట్లు పలకటాన్ని, ఒక గుణంగా చేర్చింది. గబగబ చదవటాన్ని, అర్థం తెలియక చదవటాన్ని అధమ లక్షణాలలో చేర్చింది. వేదికనెక్కి ముందే రాసుకున్న కాగితాన్ని ఏకబిగిన చదివి దిగిపోయేవారు ఆ పట్టికను ఒకసారి చూడటం మంచిది. రాతప్రతి చూసి చదవటం కూడా అందులో దోషమే.

ప్రయోజనాన్ని బట్టి సభాభాషణలోని విరామాలు ప్రధానంగా నాలుగు విధాలు. ఊపిరి కోసం ఆగేది శ్వాసవిరామం. ఏ మాట ఏ మాటతో కలుస్తుందో తెలపటానికి ఆగేది అన్వయవిరామం. ఒక మాటకు బరువు కల్పించటానికి ఆగేది ఊనికవిరామం. తరువాతి మాట తోచక ఆగేది సంశయవిరామం. మొదటి మూడూ వక్త చేతిలో ఉండేవి. నాలుగోది వక్తను తన చేతిలో పెట్టుకునేది. సమర్థుడైన వక్త ఒకే విరామంతో మూడు పనులు నెరవేర్చుకుంటాడు. అన్వయం తెగినచోటనే ఊపిరి తీసుకుంటాడు, అక్కడే ఆలోచిస్తాడు.

శ్వాసవిరామాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. మామూలుగా కూర్చున్న మనిషి శ్వాసచక్రంలో ఉచ్ఛ్వాసానికి సుమారు 40 శాతం కాలం పడుతుంది. మాట్లాడేటప్పుడు అది దాదాపు 10 శాతానికి కుదించుకుపోతుంది. గాలిని వేగంగా లోపలికి తీసుకుని, మెల్లగా వదులుతూ, ఆ వదలటంలోనే మాటలు పలుకుతాం. వాక్యం మధ్యలో గాలి చాలక గొంతు సన్నబడే వక్తకు లోపించింది ఊపిరితిత్తుల బలం కాదు, తీసుకోవలసిన చోట తీసుకోకపోవటం.

అన్వయవిరామం దగ్గర మాత్రం నిదానించాలి. ‘ప్రతి వాక్యానికి ముందు రెండు సెకన్లు ఆగండి, ముఖ్యమైన మాటకు ముందు మూడు సెకన్లు ఆగండి’ అని వక్తృత్వ శిక్షణ పుస్తకాలు చెప్పే లెక్కలు ఇతర భాషల వాక్యనిర్మాణాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. తెలుగు వాక్యం నడక వేరు. మన క్రియ వాక్యాంతంలో వస్తుంది. దానికి ముందు ‘చూసి’, ‘పోయి’, ‘తగ్గినందువల్ల’, ‘ఇస్తే’ వంటి అసమాపక క్రియలతో ఉపవాక్యాలు గొలుసుకట్టుగా సాగుతాయి. అవునో కాదో చెప్పే మాట కూడా చిట్టచివరనే ఉంటుంది. కడప జిల్లా మైదుకూరు ప్రాంతపు రైతుల సమావేశంలో ఒక అధికారి ఇలా చెప్పాడని ఊహించండి: ‘సుంకేసుల దగ్గర నీటిమట్టం తగ్గినందువల్ల కె.సి. కాలువకు వదిలే నీటిని వంతులవారీగా పంచి ముందు చివరి ఆయకట్టుకు ఇచ్చి తరువాత ఎగువ పొలాలకు ఇచ్చే పద్ధతి ఈసారి ఉండదు.’ చివరి ‘ఉండదు’ వినబడేదాకా రైతు ఇదంతా జరగబోతున్నదనే వింటున్నాడు. ఆ ఒక్క మాటతో మనసులో పేర్చుకున్నదంతా తిరగేసుకోవాలి. అంతవరకు విన్న ముక్కలను పట్టి ఉంచవలసిన భారం అతని తాత్కాలిక స్మృతిది.

ఆ స్మృతికి పరిమితి ఉంది. జార్జ్ మిల్లర్ 1956లో ఆ పరిమితిని ఏడుకు అటు ఇటు రెండు అంశాలుగా చెప్పాడు. నెల్సన్ కోవన్ 2001లో పాత ప్రయోగాలన్నిటినీ తిరిగి పరిశీలించి, మననం చేసుకునే అవకాశం లేనప్పుడు అది నాలుగుకు దగ్గరగా ఉంటుందని వాదించాడు. అంకె ఏదైనా సూత్రం ఒకటే: విడివిడి మాటలను ఒక గుదిగా కట్టుకోగలిగితే ఆ గుది ఒక్క అంశంగానే చోటు తీసుకుంటుంది. గుది కట్టుకోవటానికి శ్రోతకు వ్యవధి కావాలి. అన్వయవిరామం ఇచ్చేది ఆ వ్యవధినే. పై వాక్యంలో ‘తగ్గినందువల్ల’, ‘పంచి’, ‘ఇచ్చి’ అనే మూడుచోట్ల అరసెకను ఆగితే రైతు మోయవలసినవి ఇరవై పైచిలుకు మాటలు కావు, నాలుగు గుదులు. అధికారి అసలు చేయవలసింది ‘ఈసారి ఆ పద్ధతి ఉండదు’ అని ముందే చెప్పి ఆగటం. కానీ కార్యాలయ భాష అలవాటైన నోటికి అది అంత సులభంగా రాదు.

స్మృతికి సాయపడటమే కాదు, తెలుగులో విరామం అర్థాన్నే నిర్ణయిస్తుంది. మన భాషలో చాలా నామవాచకాలకు ప్రథమావిభక్తి రూపమూ, సంబంధాన్ని తెలిపే రూపమూ ఒకటే. ‘రామయ్య కొడుకు పెళ్లికి వచ్చాడు’ అన్న వాక్యంలో ‘రామయ్య’ తరువాత ఆగితే తన కొడుకు పెళ్లికి వచ్చినవాడు రామయ్య. ‘కొడుకు’ తరువాత ఆగితే ఎవరి పెళ్లికో వచ్చినవాడు రామయ్య కొడుకు. అసమాపక క్రియ చేరితే చిక్కు ఇంకా పెరుగుతుంది. పసుపు పండించే మైదుకూరు సీమలో ఎవరైనా అనగలిగిన వాక్యం చూడండి: ‘మా నాయన రెండెకరాల్లో పసుపు వేసి నష్టపోయిన రైతును కలిసినాడు.’ ‘మా నాయన’ దగ్గర ఆగితే పసుపు వేసినవాడూ, నష్టపోయినవాడూ ఆ రైతు. ‘వేసి’ దగ్గర ఆగితే పసుపు వేసింది నాయన. నష్టపోయిన మరో రైతును ఆ తరువాత కలిశాడు. కాగితం మీద కామా చేయవలసిన ఈ పనిని సభలో అరసెకను నిశ్శబ్దం చేస్తుంది. రాసేటప్పుడు కామాను నిర్లక్ష్యం చేసే అలవాటు మనకు ఎటూ ఉంది గనుక, ప్రసంగపాఠాన్ని ముందుగా రాసుకునేవారు ఇక్కడ మరింత జాగ్రత్త పడాలి.

దీనినుంచి కొన్ని నియమాలు తేలుతాయి. ఎవరిని గురించి, దేనిని గురించి చెబుతున్నామో ఆ మాట కాగానే, అసమాపక క్రియ కాగానే, ‘అయితే’, ‘మాత్రం’ వంటి మాటలు కాగానే ఆగవచ్చు. నామవాచకానికీ, దాని తరువాత వచ్చే ‘నుంచి’, ‘కోసం’, ‘గురించి’ వంటి మాటలకూ నడుమ ఆగకూడదు. ‘నష్టపోయిన’ వంటి విశేషణరూపానికీ, ‘రైతు’కూ నడుమ ఆగకూడదు. ‘చేయ’ దగ్గర ఆగి ‘గలం’ అనకూడదు. సంధి విషయం కూడా ఇందులోనిదే. పాణిని చెప్పిన సంహిత ఉన్నచోటనే సంధి. విరామం ఉన్నచోట సంధికి అవకాశం లేదు. ‘నీళ్లివ్వాలి’ అని కలిపి పలికిన వక్త ‘నీళ్లు’ మీద శ్రోత దృష్టి నిలపలేడు. ‘నీళ్లు’ అని ఆగి ‘ఇవ్వాలి’ అన్నవాడు నిలపగలడు. ముద్రణలో విసంధిగా రాయటం ఎబ్బెట్టుగా తోచే పండితులు కూడా సభలో ఈ స్వేచ్ఛను వాడుకోవటమే ఉచితం.

సంశయవిరామం దోషమని సాధారణ విశ్వాసం. అది పాక్షిక సత్యం. గోల్డ్‌మన్-ఐస్లర్ పరిశోధనల సారం ఏమిటంటే, అప్పటికప్పుడు ఆలోచించి చెప్పే మాటలో విరామం మెదడు చేసే పనికి బాహ్యచిహ్నం; బాగా అలవాటైన మాట చెప్పేటప్పుడు ఆ విరామాలు తగ్గుతాయి, కొత్త మాట కూర్చేటప్పుడు పెరుగుతాయి. కాబట్టి తప్పు ఆగటంలో లేదు, ఆగిన చోటును ‘ఆఁ’, ‘అదే’, ‘ఏందంటే’, ‘అన్నమాట’ వంటి పూరకాలతో నింపటంలో ఉంది. ఎందుకు నింపుతారు? సంభాషణ అలవాటు వల్ల. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక అధ్యయనం ప్రశ్నకూ జవాబుకూ నడుమ వ్యవధి సగటున సెకనులో ఐదోవంతు ఉంటుందని తేల్చింది. అంత తక్కువ వ్యవధిలో ఎదుటివాడు మాట అందుకునే చోట అరసెకను మౌనం అంటే మాట వదులుకోవటమే. అందుకే నోరు ఏదో ఒక శబ్దంతో తన వంతును కాపాడుకుంటుంది. వేదిక మీద మైకు ముందు నిలబడ్డ వక్త వంతును లాక్కునేవారు ఎవరూ లేరు. ఆ భయం అక్కడ అనవసరమని తెలిస్తే సగం పూరకాలు రాలిపోతాయి.

ఈ నిగ్రహానికి పరాకాష్ఠ చూడాలంటే మైదుకూరుకు పశ్చిమాన ప్రొద్దుటూరు దాకా పోతే చాలు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి, తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని అవధాన విద్యకు ఆలవాలం చేసిన పట్టణమది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం ఉంది. అవధాని ఒక అక్షరం చెబుతాడు. తరువాత ఏ అక్షరం వస్తుందో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని వేరే అక్షరంతో పద్యాన్ని ముందుకు నడపాలి. ఒక్కొక్క అక్షరానికి ముందు అతడు ఆగుతాడు. ఆ ఆగటం సభ అంతా చూస్తుండగా జరుగుతుంది, ఎవరూ దానిని లోపమనుకోరు, పైగా ఊపిరి బిగబట్టి చూస్తారు. సమస్య పూరించేటప్పుడు అవధానులు మరో ఉపాయం చేస్తారు: అప్పటికి చెప్పిన పాదాన్ని రాగయుక్తంగా మరోసారి చదువుతారు. శ్రోతకు అది పునశ్చరణ. అవధానికి అది తరువాతి పాదం కూర్చుకునే వ్యవధి. ఉపన్యాసకుడు రాగం తీయలేడు గాని, చెప్పిన విషయాన్ని ఒక చిన్న వాక్యంలో మళ్లీ చెప్పి ఆ వ్యవధిలోనే తరువాతి మాట ఆలోచించుకోగలడు. ‘ఏందంటే’ కంటే ఇది వేయి రెట్లు మేలు.

ఊనికవిరామం ముఖ్యమైన మాటకు ముందు పెడితే ఎదురుచూపు కలుగుతుంది, తరువాత పెడితే మాట మనసుకెక్కటానికి తావు దొరుకుతుంది. అంకెకు ముందూ వెనుకా తప్పక ఆగాలి. చెవితో విన్న అంకె అంత త్వరగా జారిపోయేది మరొకటి లేదు. ప్రశ్న వేసి ఆగనివాడు ప్రశ్న వేయనట్లే. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, పౌరాణిక నాటకాల్లో పద్యానికి ఎడతెగని రాగాలు తీసే పద్ధతిని నిరసించి, మాటకూ భావానికీ ప్రాధాన్యమిచ్చే సహజ నటన కోసం వాదించాడు. రాగం తగ్గితే విరామానికి చోటు ఏర్పడుతుందన్నది అందులోనుంచి నేను తీసుకునే పాఠం. గొంతెత్తి ఏకధాటిగా అరిచే ఎన్నికల ప్రసంగాలలో లోపించేది కూడా ఇదే. అంతటా ఊనిక ఉంటే ఎక్కడా ఊనిక లేనట్లు.

ఇక సభాస్థలం. మైదుకూరులో కడప–కర్నూలు మార్గమూ, ప్రొద్దుటూరు–బద్వేలు మార్గమూ కలిసే నాలుగు రోడ్ల కూడలి వంటి చోట బహిరంగసభ పెట్టారనుకుందాం. హారన్ మైకులు రెండు, డెబ్భై ఒక్క మీటర్ల ఎడంలో కట్టారు. తీగలో విద్యుత్తు రెండింటికీ ఒకే క్షణంలో చేరినట్లే లెక్క. గాలిలో శబ్దానికి మాత్రం కాలం పడుతుంది. 40 డిగ్రీల ఎండలో దాని వేగం సెకనుకు సుమారు 355 మీటర్లు. ఒక హారన్ కింద నిలబడిన శ్రోత పైనున్న హారన్ మాట వెంటనే వింటాడు. దూరపు హారన్ నుంచి అదే మాట సెకనులో ఐదోవంతు ఆలస్యంగా చేరుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1949లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, ఆలస్యం సెకనులో ఇరవయ్యోవంతు చుట్టుపక్కల ఉన్నంతవరకు చెవి రెండు ధ్వనులను ఒకటిగా కలిపి వింటుందని, అది మించితే ప్రతిధ్వనిగా వేరు చేసి వింటుందని చూపాడు. ఇక్కడ ఆలస్యం దానికి నాలుగు రెట్లు. వేగంగా పలికే తెలుగులో ఆ లోగా ఒక అక్షరం దాటిపోతుంది. దూరపు మైకు చెప్పే పాత అక్షరం దగ్గరి మైకు చెప్పే కొత్త అక్షరం మీద పడుతుంది. గొంతు పెంచితే రెండూ పెరుగుతాయి, ఫలితం శూన్యం. వాక్యఖండం చివర అరసెకను ఆగితే దూరపు శబ్దం వచ్చి పడి తరువాతి ఖండానికి దారి ఖాళీ అవుతుంది. హారన్లను దగ్గరగా కట్టించటం ఇంకా మంచిదే గాని, ఆ పెత్తనం వక్తకు ఉండదు.

అదే కూడలిలో ఆర్టీసీ బస్సు హారన్ మోగిస్తూ మలుపు తిరుగుతుంది. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లంబార్ 1911లో ప్రకటించాడు. ఆ లక్షణానికి ఆయన పేరే పెట్టారు. బస్సుతో పోటీపడి గెలిచిన వక్త లేడు. అది పోయేదాకా ఆగి, ఆపిన వాక్యాన్ని మొదటినుంచి అందుకోవాలి.

నాలుగు గోడల మధ్య సభ అయితే సమస్య మారుతుంది. నాపరాతి బండలు పరిచి, సున్నం గోడలున్న కల్యాణమండపంలో మాట ఆగిన తరువాత కూడా శబ్దం గోడలను కొడుతూ కొంతసేపు నిలుస్తుంది. దీనికి అనురణనమని పేరు. శబ్దస్థాయి 60 డెసిబెల్స్ తగ్గటానికి పట్టే కాలం అనురణనకాలం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాట వినబడని ఒక ఉపన్యాసశాలను బాగుచేసే పని 1895లో చేపట్టిన వాలెస్ సబైన్ దీనికి సూత్రం కనుక్కున్నాడు: గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, గది మొత్తం శోషణతో భాగించాలి. ముప్పై మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల ఎత్తు ఉన్న మండపం ఘనపరిమాణం 2,250 ఘనమీటర్లు. దాని తలాల మొత్తం వైశాల్యం 1,350 చదరపు మీటర్లు. బండలూ గోడలూ శబ్దాన్ని సగటున నూటికి ఐదుపాళ్లే పీల్చుకుంటాయనుకుంటే శోషణ 67.5, అనురణనకాలం 5.4 సెకన్లు. మూడు వందల మంది కూర్చుంటే, ఒక్కొక్కరు సుమారు 0.45 చదరపు మీటర్ల శోషణ కలుపుతారు గనుక, మొత్తం 202.5 అవుతుంది, కాలం 1.8 సెకన్లకు దిగుతుంది. అరసెకను విరామంలో ఖాళీ మండపంలో శబ్దం ఆరు డెసిబెల్స్ కూడా తగ్గదు; నిండిన మండపంలో పదిహేడు దాకా తగ్గుతుంది. ఉదయాన్నే ఖాళీ మండపంలో ‘హలో, మైక్ టెస్టింగ్’ అని చూసుకుని నిరాశపడటం గాని, జనం పలచగా ఉన్న సభలో నిండుసభ వేగంతో మాట్లాడటం గాని తగదని ఈ లెక్క చెబుతున్నది. జనం ఎంత తక్కువైతే విరామం అంత ఎక్కువ కావాలి.

పక్కన అనువాదకుడు ఉన్న సభది ప్రత్యేక సందర్భం. 1929 వేసవిలో ఖాదీ నిధి కోసం ఆంధ్రదేశం తిరిగిన గాంధీజీ కడప జిల్లాకూ వచ్చారు. ఆయన మాట సామాన్య జనానికి చేరింది అనువాదం ద్వారానే. ఇప్పటికీ ఢిల్లీ నుంచి వచ్చే నాయకుల సభల్లో ఇదే పద్ధతి. హిందీలోనూ క్రియ చివరనే ఉంటుంది గనుక, వక్త వాక్యం మధ్యలో ఆపితే అనువాదకుడికి క్రియ దొరకదు, తెలుగు వాక్యం ముగించలేడు. పొట్టి వాక్యం చెప్పి, పూర్తిగా ముగించి, ఆగటమే శరణ్యం. అనువాదకుడు మాట్లాడుతున్నంతసేపూ వక్త జనాన్ని చూస్తూ నిలబడాలి గాని కాగితాలు సర్దుకోకూడదు. ఆ నిశ్శబ్దం కూడా అతని ఉపన్యాసంలోదే.

అభ్యాసానికి పెద్ద సామగ్రి అవసరం లేదు. వార్తాపత్రిక సంపాదకీయం ఒకటి తీసుకుని, ముందుగా కళ్లతో చదివి, అసమాపక క్రియ తరువాత ఒక నిలువు గీత, సమాపక క్రియ తరువాత రెండు గీతలు పెన్సిలుతో గీయాలి. ఊనిక కోరే మాటకు ముందు చిన్న చుక్క పెట్టాలి. గీతలను పాటిస్తూ బిగ్గరగా చదివి ఫోనులో రికార్డు చేసుకోవాలి. మరునాడు కాగితం చూడకుండా వినాలి. గీత లేని చోట ఆగిన సందర్భాలను గుర్తించి, అక్కడ ఊపిరి చాలక ఆగామా, మాట తోచక ఆగామా అని విడదీసి చూడాలి. మొదటిదానికి మందు అంతకు ముందున్న గీత దగ్గర నిండుగా గాలి తీసుకోవటం. రెండోదానికి మందు విషయాన్ని మరింత చదువుకోవటం. రికార్డు చేసినది మనకు మరీ నెమ్మదిగా తోస్తుంది. తరువాతి మాట ముందే తెలిసిన చెవికి ప్రతి విరామమూ పొడవుగానే వినబడుతుంది గనుక ఆ తీర్పును నమ్మరాదు. పాఠం తెలియని మరొకరికి వినిపించి, ఏం చెప్పామో వారిచేత తిరిగి చెప్పించుకోవాలి.